కనికరము: కఱవుకాలపు క్రైస్తవ రచన, జాషువ గబ్బిలము

గుఱ్ఱము జాషువ రచించిన గబ్బిలము 1941లో వెలువడినది. నాటినుండి దానినిగూర్చి వ్రాసినవారిలో పెక్కండ్రు అది కరుణరసప్రధానమైన కావ్యమని చెప్పుచు వచ్చిరి. కవి పుట్టుకచే క్రైస్తవుడు కావున ఆ కరుణకు మూలము క్రైస్తవ ధర్మమేయని కొందఱు మఱియొక యడుగు ముందునకు వేసిరి. విడివిడిగా చూచినచో ఈ రెండు మాటలలోను కొంత నిజము లేకపోలేదు. కలిపి చదివినపుడు మాత్రము ఒక చిక్కు ఏర్పడుచున్నది. అలంకారశాస్త్రమునందలి కరుణరసము ఒకటి. ఆకలిగొన్నవానియెడల మనుష్యుడు చూపు దయ వేఱొకటి. ఆకలిగొన్నవాడే నోరు విప్పి పలికిన పలుకు మూడవది. ఈ మూడింటికిని ‘కరుణ’ యను ఒకే పేరు పెట్టుటచేత జాషువ చేసిన పని మన కంటికి ఆనకపోవుచున్నదని మేము తలచుచున్నాము. దానిని విడదీసి చూపుటకై గబ్బిలమునకంటె ముందుగా మఱియొక గ్రంథమును, దాని వెనుకనున్న ఒక కఱవును పరిశీలింపవలసియున్నది. అది తెలుగు గ్రంథము కాదు. కాని అందలి మనుష్యులు తెలుగువారు, అందలి నేల ఒంగోలు నేల.

మొదట శాస్త్రమును చూతము. కరుణరసమునకు స్థాయి శోకము. ఇష్టనాశమువలన, అనిష్టప్రాప్తివలన శోకము పుట్టును. రతి సీతకొఱకు రామునియందు శోకముగా మాఱిన తీరును భవభూతి చూపెను. అక్కడ శోకించువాడు నష్టపోయినవాడే. పేదవానిని చూచి ఒక ధనికుని మనస్సు కరగుట ఆ కోవకు చెందినది కాదు. ఆ భావమునకు మన లాక్షణికులు వేఱొకచోట స్థానము కల్పించిరి. భరతుడు వీరమును దాన, ధర్మ, యుద్ధ భేదములచే మూడు విధములుగా చెప్పెను. ధనంజయుడు దశరూపకమున దయను వీరభేదములలో చేర్చెను. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దయావీరమును స్పష్టముగా పేర్కొని, దానికి నాగానందమునందలి జీమూతవాహనుని ఉదాహరణముగా చూపెను. అనగా దయకు స్థాయి శోకము గాదు, ఉత్సాహము. పరుల దుఃఖమును చూచి కంట తడిపెట్టుటతో దయ పూర్తికాదు. తన శరీరమునో, ధనమునో, సుఖమునో ఒడ్డి ఒక పనికి పూనుకొన్నప్పుడే అది రసస్థితిని పొందును. మన పూర్వులు దయను వీరమున చేర్చుట ఎంతటి లోతైన ఆలోచనయో మన విమర్శకులు తగినంతగా గుర్తింపలేదని మాకు తోచును.

క్రైస్తవ ధర్మమునందలి దయయు ఈ దయావీరమునకే దగ్గఱగా నున్నది. తెలుగు బైబిలును అనువదించినవారు ఈ భావమునకు తఱచుగా ‘కనికరము’ అను మాటను వాడిరి. దానికి మూలమైన గ్రీకు క్రియాపదమునకు కడుపులోని ప్రేగులతో సంబంధము కలదు. మన పల్లెలలో ‘కడుపు తరుగుకొనిపోయినది’ అందురే, ఇంచుమించు అదియే భావము. అయితే సువార్తలలో కనికరము కలిగిన చోటనెల్ల దానివెంట ఒక పని కలదు. తఱచుగా ఒక లెక్కయు కలదు. గాయపడినవానిని ఎత్తుకొని పోయిన సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మఱి ఖర్చయినచో తిరుగు ప్రయాణమున చెల్లింతుననెను. ద్రాక్షతోట యజమానుని కథ ఇంకను ఆశ్చర్యకరమైనది. ఉదయమే పనికి వచ్చినవానికిని, ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట ముందుగా వచ్చినవానికిని ఆయన ఒకే దినకూలి నిచ్చెను. ఉదయమునుండి పాటుపడినవారు సణిగిరి. ఆ సణుగుడు న్యాయమైనదేయని లెక్కలవారు అందురు. కాని ఆలస్యముగా పని దొఱికినవానికి సాయంకాలమున ఆకలి తక్కువ కాదుగదా! దినకూలి యనగా ఒక దినము బ్రతుకుటకు వలసిన కూలి యను అర్థమే ఆ కథకు ప్రాణము. ఈ కథను మనస్సున నుంచుకొని 1877 సంవత్సరమునకు రావలెను.

1876లో వానలు తప్పెను. మద్రాసు రాజధానియందును, మైసూరునందును, దక్కనునందును వ్యాపించిన ఆ ఘోరక్షామమును మనవారు ధాత కఱవని పిలిచిరి. బ్రిటిషు పాలితప్రాంతములందే యాబది లక్షలకు పైగా ప్రజలు మరణించిరని అంచనాలు కలవు. 1877 జనవరి 1వ తేదీన రాజప్రతినిధి లిట్టన్ ఢిల్లీలో వైభవముగా దర్బారు జరిపెను. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణమునకు వచ్చి, కఱవు పనులలోని కూలి ఎక్కువగా నున్నదని తగ్గించెను. పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై స్వల్పమైన రొక్కము చాలునని ఆయన నిర్ణయము. ఒళ్లు వంచి మన్ను మోయువానికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. ఒక మనుష్యుని కూలిని తూకపురాళ్లతో వాదించుకొన్న కాలమది. అమర్త్య సేన్ 1981లో వెలువరించిన గ్రంథమున చెప్పినట్లు, క్షామములందు జనులు చచ్చుట ధాన్యము లేనందువలననే కాదు. ఉన్న ధాన్యమును పొందు అధికారము చేజాఱినందువలన. ఒంగోలు ప్రాంతపు మాదిగలకు ఆ అధికారము గ్రామమునందలి ‘మేర’. రైతునకు చెప్పులు, కపిల తోలుతిత్తి, పగ్గములు చేసియిచ్చి, పంటకాలమున కళ్లమునుండి కొంత ధాన్యము పొందుట వారి వృత్తిధర్మము. కళ్లము లేనపుడు మేర లేదు. రైతు అప్పు పుట్టించుకొనగలడు. తాకట్టుకు భూమి కలదు. మాదిగవానికి తాకట్టు పెట్టదగినది తన రెక్క ఒక్కటియే.

జాన్ ఎవరెట్ క్లౌ ఆ కాలమున ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరి. ఆయన 1836లో పుట్టెను. మిషనరి కాకపూర్వము అమెరికాలో భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసెను. 1866లో ఒంగోలున స్థిరపడెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది. ప్రకాశము జిల్లా 1970లోగాని ఏర్పడలేదు. కఱవు ముదిరినపుడు ఆయన గంజికేంద్రము పెట్టి ఊరకుండలేదు. సర్కారువారు త్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో కొంతభాగమును కాంట్రాక్టుగా తీసికొనెను. సర్వేయరు విద్య అక్కఱకు వచ్చినది. తన బోధకులను మేస్త్రీలుగా నిలిపి, వేలకొలది జనులకు మన్ను త్రవ్వు పనిని, పనికి తగిన కూలిని ఇచ్చెను. తోలుపని తప్ప పలుగు పట్టి యెఱుగనివారు పలుగు పట్టిరి. ఆ కాలువ మన కోస్తాతీరమున నేటికిని కలదు.

ఇది దయావీరమునకు తగిన వస్తువు. అయినను మా దృష్టిలో క్లౌ చేసిన పనులలో ముఖ్యమైనది కాలువకాదు, ఒక నిరాకరణము. కఱవు సాగినంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. అడిగినవారు లేక కాదు. ఇచ్చుచేయి, మతమునకు పిలుచు నోరు ఒకే మనుష్యునివి అయినపుడు ఆకలిగొన్నవాని ‘ఔను’ అను మాటకు విలువ లేదని ఆయన గ్రహించెను. కూటికొఱకు మతము మాఱినారను నింద మన దేశమున పేద క్రైస్తవుల మీద నేటికిని పడుచునేయున్నది. ఆ నింద వేయువారిలో కూడు కొఱతను ఎఱిగినవారు అరుదు. ఆ నింద నిజమగునేమోయని మొదట భయపడినవాడు ఆ మిషనరియే యగుట గమనింపదగినది. కఱవు తీఱినతరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కార్యమును దేశీయ బోధకులే ఆరుగురు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులవారీగా నిర్వహించిరి.

ఈ వృత్తాంతమంతయు 1914లో న్యూయార్కున వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’ అను గ్రంథమున కలదు. క్లౌ 1910లో గతించెను. చెప్పినవాడు ఆయన, వ్రాసినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఈమెనుగూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. క్రైస్తవమును సాంఘికన్యాయముతో ముడిపెట్టి అమెరికాలో పెద్ద ఆలోచనోద్యమమును నడపిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె సోదరుడు. స్త్రీల హక్కులకై వ్రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్టును గూర్చి ఈమె ప్రత్యేక గ్రంథము రచించెను. అట్టి విదుషి తెలుగు మాదిగల గాథలను కూర్చి 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అను పుస్తకమును ప్రకటించెను. మాతంగి ఆరాధనము మొదలగు విషయములకు అది నేటికిని ఉపయోగకరమైన ఆకరము. అయినను మన విశ్వవిద్యాలయములందు సాహిత్యవిద్యార్థులు దానిని చదువుట అరుదుగానున్నది.

గ్రంథముగా చూచినపుడు 1914 నాటి పుస్తకమునకు గుణములు పెక్కు కలవు. చెప్పువాడు తన్ను తాను దేవదూతగా చిత్రించుకొనలేదు. కాంట్రాక్టరు భాష, బోధకుని భాష రెండును అందు కలిసియుండుటచే ఒక విధమైన నిజాయితీ ఏర్పడినది. కాని దయావీరమునకు సహజమైన లోపము దానికిని తప్పలేదు. దయావీరమున ఉత్సాహమునకు ఆశ్రయము దయచూపువాడు. దీనుడు ఆలంబనము మాత్రమే. నాగానందమున మనము జీమూతవాహనుని మనస్సును చూచినంతగా శంఖచూడుని మనస్సును చూడము. ఇందునను అంతే. వేలమంది కూలీలు పుటలవెంబడి నడచిపోదురు. వారి బోధకులలో కొందఱికి పేళ్లు కలవు, ముఖములు కలవు. మన్ను మోసినవారు మాత్రము గుంపుగానే యుందురు.

ఆ గుంపు ఒక్కచోట నోరు విప్పును. కఱవు వెళ్లినతరువాత జనులు వచ్చి బాప్తిస్మ మడిగినపుడు, ఇక సాయమేమియు లేదు పొండని క్లౌ చెప్పగా, తమకు సాయమక్కఱలేదనియు, తాము పాటుపడినవారమనుటకు చేతుల బొబ్బలే సాక్ష్యమనియు వారు బదులు చెప్పిరట. గ్రంథమంతటిలో మాకు అత్యంత విలువైన మాట యిదియే. అందు శోకము లేదు. దైన్యమును లేదు. దయను కోరుటయు లేదు. పనిచేసినవాడు తన పనిని చూపి ఒక స్థానమును కోరుట కలదు. దయావీరపు కథలో ఆలంబనము ఒక క్షణము ఆశ్రయముగా మాఱెను. మఱునిమిషమున కథ తిరిగి దొరచేతికి వచ్చును. ఆ మాటను అందుకొని, దానికి ఒక మనిషిని, ఒక గొంతును ఇచ్చి, కావ్యమంతయు అతనిచేతనే పలికించిన తెలుగుకవి జాషువ. ఆయన ఆ పుస్తకమును చదివెనని మేము అనుట లేదు. చదువవలసిన అవసరము ఆయనకు లేదు.

జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. తండ్రి గొల్లవారి వీరయ్య, తల్లి మాదిగవారి లింగమ్మ. తండ్రి క్రైస్తవ బోధకుడు. గబ్బిలమునకు ముందటి పది పండ్రెండేండ్ల కాలము ఎట్టిదో తలచుకొనవలెను. 1929లో మొదలైన ఆర్థికమాంద్యము కృష్ణా, గుంటూరు మండలములకును పాకినది. ధాన్యపు ధర పడిపోయినది. శిస్తు మాత్రము తగ్గలేదు. రైతులు అప్పులలో కూరుకొనిపోయిరి. 1938లో రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసెను. మంచి చట్టమే. కాని దాని దృష్టిలో వ్యవసాయదారుడనగా భూమిపై హక్కుగలవాడు. అదే చేలో నాగలి పట్టి, కోతకోసి, కుప్పవేసిన కూలివానికి ఆ నిర్వచనమున చోటు లేదు. ధాతనాటి మేర విషయమున చెప్పినదే ఇక్కడను చెప్పవలసియున్నది: కష్టకాలమున సాయము అందవలెనన్నను ఏదోయొక హక్కు పత్రము ముందుగా ఉండవలెను. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిలో ఈ సంగతిని నవలారూపమున 1922 నాటికే చూపెను; ఆయన కథానాయకుడు వైష్ణవభక్తుడు. జాషువ నాయకుడు శైవుడును కాదు, క్రైస్తవుడును కాదు. ఏ గుడిలోనికిని రానీయబడని అరుంధతీసుతుడు.

కావ్యప్రణాళిక అందఱెఱిగినదే. మేఘసందేశమును నమూనాగా గొని, యక్షునిచోట ఒక నిఱుపేదను, మేఘముచోట ఒక గబ్బిలమును నిలిపి, అలకకు బదులు కాశీకి సందేశమును పంపెను. ఈ అనుకరణమును ఒక చమత్కారముగా మాత్రమే చూచినవారు కలరు. భేదములను చూచినగాని దాని బలము తెలియదు. యక్షుడు తన కర్తవ్యమున ఏమఱినందున శాపమును పొందెను. ఆ శాపమునకు ఒక సంవత్సరము గడువు. జాషువ నాయకుడు ఏ తప్పును చేయలేదు. అతని శాపమునకు గడువు లేదు. యక్షుడు ప్రియురాలికి వార్త పంపెను. ఇతడు విచారణాధికారికి అర్జీ పంపుచున్నాడు. ఇక గబ్బిలము. అది ఇంటిలో దూఱిన అశుభమని జనుల నమ్మకము. కాని గుడిలో తలక్రిందుగా వ్రేలాడినచో దానిని అడిగినవారు లేరు. పక్షికి లభించిన ప్రవేశము మనుష్యునికి లేదను ఒక్క విషయముననే కావ్యమంతటి వాదము ఇమిడియున్నది. పూజారి లేని సమయము చూచి శివుని చెవిలో తన మాట వేయుమని నాయకుడు దానిని కోరును. అర్జీ నేరుగా పోవలెను, మధ్యవర్తి ఉండరాదు.

ఆ అర్జీలో ఏమి కలదు? అన్నము పెట్టుమను ప్రార్థన లేదు. తన రెక్కలు ఆడనిచో పంటలక్ష్మియే సందేహములో పడునని, లోకమునకు తిండిపెట్టువానికి తిండి లేకపోయినదని ఒక లెక్క కలదు. దేవతల ఉత్సవములకు వెచ్చించు ధనము ఒకవైపు, కాలుచున్న కడుపులు ఒకవైపు పెట్టిన మఱియొక లెక్క కలదు. అడుగవచ్చినవాని నోటిని కర్మసిద్ధాంతముతో కట్టివేసినారను అభియోగము కలదు. ఇది శోకస్థాయికమా? శ్రోతకు కన్నీరు వచ్చుట వేఱుమాట; వక్తయందలి స్థాయి వేఱుమాట. ఆకలిగొన్నవాడు ఏడ్చుచున్నాడని మనము అనుకొనుటకు మన అలవాటే కారణము. జాషువ నాయకుడు ఏడ్చుటకంటె ఎక్కువగా వాదించుచున్నాడు. బొబ్బలెక్కిన చేతులను చూపినవారి వాదమే యిది. అతని స్థాయి ఉత్సాహమేయని మా నిర్ణయము. అయితే అది దయావీరుని ఉత్సాహము కాదు. శాస్త్రము పేరుపెట్టని ఒక వీరము, దయకు ఆలంబనముగా ఉండుటకు ఒప్పుకొననివాని వీరము. దానికి క్రొత్తపేరు కూర్చుట కంటె అది కలదని గుర్తించుట అవసరము.

క్రైస్తవకవి తన పక్షిని కాశీకి పంపుటేల యను ప్రశ్న పలుమాఱులు వేయబడినది. హైందవ కథావస్తువులను స్వీకరించినందులకు జాషువకు స్వమతస్థులనుండియు ఆక్షేపణలు వచ్చెను. మాకు తోచిన సమాధానము చిన్నది. తలుపు మూసిన చోటనే తలుపు తట్టవలెను. క్రీస్తునకు పంపినచో అది ప్రార్థన యగును, ఓదార్పు దొఱకును, కథ ముగియును. శివునకు పంపుటచే అది ఫిర్యాదు అయినది. పైగా ఆ శివుడు భిక్షకుడు, శ్మశానవాసి, తోలుదుప్పటివాడు. తోలుపనివాని మాట వినుటకు అర్హత గల దేవుడు. క్రైస్తవసంస్కారము కావ్యమున లేదా యనిన, కలదు. కాని దేవుని పేరున గాదు. దేవుని సన్నిధిని మొదట పలుకవలసినవాడు పేదవాడు, అతని కూలి దేవుని యెదుట లెక్కకు రావలసిన విషయము అను నమ్మకమున కలదు. ద్రాక్షతోట కథను విన్న చెవులు ఆ నమ్మకమును సులభముగా పోల్చుకొనును.

కావ్యమున దోషములు లేకపోలేదు. మార్గవర్ణనమున ఆంధ్రుల పూర్వవైభవము వచ్చినపుడు కవికి ఉత్సాహము హెచ్చి, నాయకుని ఆకలి కొంతసేపు మఱుగునపడును. ప్రబంధపు బిగువు కొన్నిచోట్ల అర్జీదారుని నోటికి పెద్దదైనది. అయినను, ఆకలిగొన్నవానికి ఆకలి తప్ప మఱేమియు తెలియరాదనుటయు ఒక విధమైన అహంకారమే. తంజావూరు ఏలిన రాజుల చరిత్ర తనదికూడ నని పలుకుటకు అతనికి గల హక్కును మనము కాదనరాదు. ఈ విషయమున మేము కవిపక్షమే వహింతుము.

దీనికి పూర్వము 1932 నాటి ఫిరదౌసిలో జాషువ చెల్లింపబడని మాటను వస్తువుగా గ్రహించియుండెను. బంగారము ఇత్తునని పలికి వెండి పంపిన రాజు, దానిని తిరస్కరించిన కవి అందు కలరు. పనిచేయించుకొని కూలి తగ్గించువానిపై జాషువ కోపము గబ్బిలముతో పుట్టినది కాదు. అక్కడ కూలివాడు మహాకవి. ఇక్కడ కవిత్వము రాని మనిషిచే మహాకవి పలికించెను. క్రీస్తుచరిత్ర కడపటి దశలోని రచన. క్రీస్తు కథను చెప్పు కావ్యమున దయకు ఆశ్రయము క్రీస్తే యగుట సహజము. దీనులు మరల ఆలంబనస్థానమునకు పోయిరి. భక్తి యున్నది, ధారయున్నది. తట్టబడుచున్న తలుపు లేదు. కేంద్ర సాహిత్య అకాడమి 1964లో ఆ కావ్యమునకు బహుమానమిచ్చి కవిని గౌరవించెను. గుంటూరు సీమలో అక్షరము రానివారు సైతము నోటికి చెప్పుకొన్నది మాత్రము గబ్బిలము పద్యములనే.